పెరిగిందని చెప్పిన కూలి

మా బావ చేతి దెబ్బ తినని మగాడు మా సందులో లేడు. తిన్నవాళ్ళే ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవాళ్ళు. "అన్న నిన్ను చెంప మీద పీకాడు, నన్ను వీపు మీదే" అని పోటీలు పడేవాళ్ళు. కొట్టాక మా బావ వాళ్ళింటికే వెళ్ళి, వాచిన మొహం అటూ ఇటూ తిప్పి చూసి, "నొప్పిగా ఉందేంట్రా?" అని అడిగి, వాళ్ళ కంచంలోనే ఇంత అన్నం తిని వచ్చేవాడు. సిగ్గూ లేదు, పగా లేదు. మనిషికి కోపం వస్తే చెయ్యి దానంతటదే లేస్తుందని, అది ఆకలి వేయడం లాంటిదేనని అతని నమ్మకం.

మా అక్క మీద ఒకే ఒక్కసారి చెయ్యెత్తాడు. ఆ చెయ్యి కిందికి దిగేలోపే నేను విసిరిన పీట వెళ్ళి అతని మోకాలి చిప్పకు తగిలింది. కొన్నాళ్ళు కుంటుతూ తిరిగాడు. ఎవరైనా అడిగితే "మా మరదలు ముద్దు చేసింది" అనేవాడు. ఆ తరవాత అక్క జోలికి పోలేదు. నా జోలికి మాత్రం నోటితో వచ్చేవాడు, నేనూ ఊరుకునే రకాన్ని కాదు. మా ఇద్దరి మధ్యా కూర్చుని మా అక్క "దొందూ దొందే, నా ఖర్మ" అని తల పట్టుకునేది.

బావ పని కత్తెర్ల కార్ఖానాలో. కత్తెరంటే రెండు బ్లేడ్లూ ఒక మరమేకూ అనుకుంటారు చాలామంది. వాటిని ఊరికే కలిపి బిగిస్తే ఆ కత్తెర గుడ్డను నములుతుంది తప్ప కోయదు. ఆ బ్లేడ్లను దాగలి అనే ఇనప దిమ్మ మీద పెట్టి, చిన్న సుత్తితో సన్నగా తడుతూ, మొదలు నుంచి మొన దాకా ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు వంపు తీర్చాలి. దాన్ని జత కుదర్చడం అంటారు. కుదిరిందో లేదో మొనతో తడిగుడ్డ కోసి చూస్తారు. మా బావ కుదిర్చిన జత తడిగుడ్డను చప్పుడు కాకుండా కోసేది. మనుషుల్ని అంత మోటుగా బాదే చెయ్యి ఇనుము దగ్గరికి వచ్చేసరికి అంత మెత్తగా ఎలా మారేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

జత కుదిర్చేవాళ్ళలో ఎవరి సుత్తి వాళ్ళదే. ఏళ్ళ తరబడి పట్టగా పట్టగా దాని పిడి ఆ ఒక్క చేతికే అరుగుతుంది. ఇంకొకడు పట్టుకుంటే దెబ్బ తిన్నగా పడదు. అందుకని వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. పదిమంది ముందు ఎవరి తరఫునైనా మాటిచ్చినవాడు తన సుత్తిని గోడ మేకుకు తగిలించాలి. మాట నెరవేరేదాకా ఇంకొకడి దగ్గర అడిగి తెచ్చుకున్న ఎరువు సుత్తితోనే పని చేసుకోవాలి. మాట తప్పిపోతే అందరి ముందూ ఆ పిడి విరగ్గొడతారు. విరిగాక వాడు మరే దాగలి ముందూ కూర్చోకూడదు. అంత కఠినం కాబట్టే ఆ మేకు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

ఆ రోజుల్లో బయటి దేశం నుంచి కత్తెర్లు దిగాయి. మా కార్ఖానాలో ఇనుము కొన్న ధరకు అక్కడి కత్తెరే వచ్చేస్తోంది. పని తగ్గింది. వారంలో సగం రోజులు మనుషుల్ని గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపేవాళ్ళు. అన్ని కార్ఖానాల యజమానులూ ఒక సంఘం కట్టి, బయటి సరుకు మీద సుంకం వెయ్యమని పెద్ద పెద్ద ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. తిరిగితే చాలదు, వీధిలో గోల కూడా కావాలి. గోల చెయ్యడానికి మా బావకన్నా తగినవాడు ఎవడుంటాడు?

వాళ్ళ ఓనరు మాటకు ముందు నవ్వే మనిషి. తడిగుడ్డతో గొంతులు కోసే రకమని నేను మొదటి నుంచీ అంటూనే ఉన్నాను, విన్నవాడెవడు? బావను తన గదిలోకి పిలిచి కుర్చీ వేయించాడు. కుర్చీ వేసినవాడి మీద మా బావకు అనుమానం రాదు. అదే అతని జబ్బు.

"సుంకం పడితే బయటి సరుకు ధర పెరుగుతుంది. అప్పుడు మన ధరా మనం పెంచుకోవచ్చు. మన ధర పెరిగాక మీ కూలి పెరగకుండా ఎక్కడికి పోతుందయ్యా?" అన్నాడు ఓనరు.

"నిజంగా పెంచుతారా సార్?"

"నా నోటితో నేను చెప్తున్నానుగా. నీవాళ్ళకి నువ్వు చెప్పు."

బావ కిందికి దిగివచ్చి, కూలి పెరుగుతుందని మాటిచ్చి, అందరూ చూస్తుండగా తన సుత్తిని మేకుకు తగిలించాడు. సాన పట్టే అతను ఒకడున్నాడు, నోరు ఊరుకోదు. "వాడిచ్చిన మాటకి నీ సుత్తెందుకన్నా? వాడి కుర్చీ తెచ్చి తగిలించమను" అన్నాడు. అందరూ నవ్వారు. మా బావా నవ్వాడు.

పట్టపగలే దిగుమతిదారు గోడౌను మీద పడ్డారు. బావ ముందు, మిగతావాళ్ళు వెనక. గునపాలతో షట్టర్ లేపారు. లోపలి పెట్టెలు రోడ్డు మీదికి ఈడ్చి, బయటి కత్తెర్లను కుప్పపోసి సమ్మెటలతో బాదారు. ముక్కలు ఎగిరి ఒకడి చెంప చీలింది, వాడు ఆ నెత్తుటితోనే బాదుతూ ఉన్నాడట. ఇంకొక గది మిగిలింది. దాని తలుపుకి అడ్డంగా ముసలి వాచ్‌మన్ నిలబడ్డాడు.

"నాయనా, నేను పక్కకి జరిగితే నా పని పోతుంది. నన్ను చూడనట్టు వెళ్ళిపోండి" అన్నాడు ముసలాయన.

బావ నెట్టాడు. ముసలాయన బావ కాలరు పట్టుకుని వదల్లేదు. బావ ఆ చేతిని పట్టుకుని వెనక్కి మెలితిప్పాడు. ఎముక విరిగిన చప్పుడు రోడ్డు మీదున్న వాళ్ళకి కూడా వినిపించిందట. ఆ తరవాత ఆ గదీ ఖాళీ చేశారు.

ఇంటికొచ్చినప్పుడు బావ చొక్కా నిండా రక్తం. తనది కాదు. అక్క చొక్కా విప్పించి బకెట్లో పడేసింది. బావ కంచం ముందు కూర్చున్నాడు కానీ ముద్ద ఎత్తలేదు.

"ముసలాడు. చెప్తే వినలేదు" అన్నాడు.

"నువ్వు ఏనాడైనా ఎవరైనా చెప్తే విన్నావా?" అంది అక్క.

కొన్నాళ్ళకి తన అలవాటు ప్రకారం, కొట్టినవాడిని చూడటానికి వాచ్‌మన్ ఇంటికి వెళ్ళాడు. కట్టుతో ఉన్న ముసలాయన గుమ్మంలోనే కూర్చుని, మంచి చెయ్యి ముందుకు చాపి, "ఇది కూడా కావాలా నాయనా?" అని అడిగాడట. అక్కడ ఎవరూ అన్నం పెట్టలేదు. బావ ఈ సంగతి అక్కకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

సుంకం పడింది. సంఘంవాళ్ళు కేసులు లేకుండా చేశారు. ఓనరు మా బావ భుజం మీద చెయ్యేసి ఫొటో దిగాడు. కత్తెర ధర పెరిగింది, దర్జీలు తిట్టుకుంటూనే కొన్నారు, కార్ఖానా పైన ఇంకో అంతస్తు లేచింది. కూలి మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. అడిగితే వచ్చే నెల అన్నారు, ఆ వచ్చే నెల ఎప్పుడూ వచ్చే నెలగానే ఉండిపోయింది. బావ ఎరువు సుత్తితో పని చేస్తున్నాడు. దెబ్బ తిన్నగా పడక రోజూ వేళ్ళు చితగ్గొట్టుకునేవాడు. మేకు వంక చూసేవాడు కాదు.

సాన పట్టే అతనే చివరికి నోరు విప్పాడు. భోజనాల వేళ అందరి ముందూ అన్నాడు.

"మేకు తుప్పు పడుతోందన్నా. సుత్తి నువ్వే తీసుకుంటావా, మమ్మల్ని విరగ్గొట్టమంటావా?"

బావ లేచి వెళ్ళి అతని జుట్టు పట్టుకుని సానరాయి తొట్టి అంచుకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. తొట్టిలో నీళ్ళు ఎర్రబడ్డాయి, ముందు పళ్ళు ఆ నీళ్ళలో పడ్డాయి. ఆపడానికి ఎవరికీ కాళ్ళు రాలేదు. ఆ సాయంత్రం బావ వాళ్ళింటికి వెళ్తే సాన పట్టే అతని భార్య మొహం మీదే తలుపు వేసింది. ఆనాటి నుంచి మా సందులో కూలి అన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఇక నా సంగతి. నేను అప్పటికి ఆర్థిక పరిశోధన చేసే ఒక సంస్థలో పని చేస్తున్నాను. పరిశోధన నాది కాదు, మేడమ్‌ది. ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలు అడిగి రాసుకురావడం నా పని. ఆ ఏడు మేడమ్ తీసుకున్న విషయం సుంకాలు. "సుంకం వెయ్యమని అడిగే ప్రతివాడూ పనివాళ్ళ పేరు చెప్పే అడుగుతాడు. పడ్డాక ఆ పనివాడికి ఏం అందిందో అడగడానికి మాత్రం ఎవరూ రారు. మనం వెళ్ళి అడుగుదాం" అంది. ఏరిన వీధుల్లో మా సందు కూడా పడింది. అది మావాళ్ళదని చెప్పాను. "అయితే మరీ మంచిది, ఆ గుమ్మాలు నీకే తెరుచుకుంటాయి. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. నీకు తెలిసింది రాయకూడదు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయాలి" అంది మేడమ్.

వెళ్ళాను. ఏ గుమ్మంలో అడిగినా ఒకటే జవాబు. "పెరిగిందమ్మా." చెప్తున్నప్పుడు నా మొహం చూడరు, నా భుజం మీదుగా బావ ఇంటి వైపు చూస్తారు. ఒకామె మంచినీళ్ళు ఇచ్చి, గొంతు తగ్గించి, "పెరిగిందనే రాసుకో తల్లీ. మా ఆయనకి పళ్ళు కావాలి" అంది. సాన పట్టే అతని దగ్గరికి వెళ్ళాను. మాటల మధ్య నుంచి గాలి పోతోంది. "బాగా పెరిగింది, రాసుకో. నమలడానికి పళ్ళు చాలనంత పెరిగింది" అన్నాడు. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

చివర మా బావ. గుమ్మంలో కూర్చుని చితికిన వేలికి గుడ్డ చుట్టుకుంటున్నాడు.

"సుంకం పడ్డాక మీ కూలి పెరిగిందా?" అని అడిగాను.

"పెరిగింది."

లోపల అక్క చేతిలో గిన్నె పెద్ద చప్పుడుతో గట్టు మీద పడింది. ఆ ఇంట్లో నూనె ఎప్పుడు అయిపోతుందో, మళ్ళీ ఎప్పుడు వస్తుందో నాకు తెలియదా?

"ఎవరి కోసం బావా ఈ అబద్ధం?"

"అడిగావు, చెప్పాను. రాసుకుని పో."

"నీకు నీ సుత్తి కావాలి. దాని కోసం సందు సందంతా పస్తులుండాలి. నీ పరువు తగలెయ్య."

చేతికి అందిన గ్లాసు విసిరాడు. నా చెవి పక్కనుంచి వెళ్ళి గోడకి తగిలింది. నేను అదే గ్లాసు తీసి తిరిగి విసిరాను. నాకు గురి బాగా కుదురుతుంది. నుదురు చిట్లింది. అక్క పరుగున వచ్చి మా మధ్య నిలబడి, ఇద్దరినీ కాదని గోడకేసి తన తల కొట్టుకుంది. అప్పుడు ఆగాం ఇద్దరం.

మేడమ్‌కి అంతా చెప్పాను. అందరూ అబద్ధమే చెప్పారు, భయంతో చెప్పారు అన్నాను. ఆమె నేను రాసుకొచ్చిన కాగితాలన్నీ మళ్ళీ తిరగేసింది. "నువ్వు చెప్పేదే నిజం కావచ్చు. అయినా మన మాట వాళ్ళ నోట్లో పెట్టలేం. ఒక్కడు మాట మార్చుకుని ముందుకొచ్చినా సందంతా మళ్ళీ అడుగుదాం" అంది. ఒక్కడు రాలేదు.

నివేదిక అచ్చయింది. మిగతా పనుల్లో సుంకం పడ్డా కూలి కదల్లేదని, కత్తెర్ల పనిలో మాత్రం పెరిగిందని అందులో ఉంది. యజమానుల సంఘం ఆ కత్తెర్ల ముక్కను మాత్రం కత్తిరించి ఊరంతా అతికించింది. సుంకం వల్ల పనివాడు బాగుపడ్డాడు, కాబట్టి సుంకం ఇంకా పెంచండి అని మళ్ళీ ఆఫీసులకు పరిగెత్తింది. కర్ర చేతికిచ్చి పళ్ళు రాలగొట్టించుకోవడమంటే ఇదే కదా.

ఆ తరవాత జరిగింది సాన పట్టే అతను నాకు చెప్పాడు. ఒక ఉదయం, ఎవరూ పిలవకుండానే, పనివాళ్ళంతా చేతులు ముడుచుకుని కూర్చున్నారు. కడుపు కాలితే భయం కూడా కాలిపోతుంది. మేస్త్రీ వెళ్ళి ఓనరును పిలుచుకొచ్చాడు. ఓనరు నవ్వుకుంటూ, చేత్తో నివేదిక పట్టుకుని వచ్చి మా బావ ముందు నిలబడ్డాడు.

"ఇది నేను రాసింది కాదు. నీ మరదలు గుమ్మం గుమ్మానికీ తిరిగి అడిగి రాసింది. కూలి పెరిగిందని మీరే చెప్పారు, నువ్వూ చెప్పావు. పెరిగిన కూలిని మళ్ళీ ఎందుకు పెంచాలయ్యా?"

బావ వెనక్కి తిరిగాడు.

"అందరూ అలాగే చెప్పార్రా?"

ఎవరూ తలెత్తలేదు.

"ఎందుకు చెప్పారు?"

"సగం మంది నీ సుత్తి మీద ప్రేమతో చెప్పారన్నా. సగం మంది నీ చేతికి భయపడి చెప్పారు. నేను ఏ సగమో నీకు తెలుసు" అన్నాడు సాన పట్టే అతను.

బావ మేకు దగ్గరికి వెళ్ళి తన సుత్తి తీశాడు. అడ్డం వచ్చిన మేస్త్రీని ఒక్క తోపు తోస్తే వెళ్ళి పెట్టెల మీద పడ్డాడు. ఓనరు వెనక్కి వెనక్కి నడిచి గోడకి ఆనుకున్నాడు, నవ్వు పోయింది. బావ సుత్తి ఎత్తి కొట్టాడు. ఓనరు చెవి పక్కన గోడ పెచ్చు లేచిపోయింది. ఇంకో దెబ్బకి మళ్ళీ ఎత్తాడు. ఆ దెబ్బ పడి ఉంటే నేను ఈ కథ జైలు గేటు దగ్గర నిలబడి చెప్పుకోవలసి వచ్చేది. ఓనరు గోడ వెంబడే జారి కూలబడ్డాడు. మా బావ అతన్ని కాసేపు చూసి, వెనక్కి వచ్చి, సుత్తిని దాగలి మీద పెట్టాడు. మూల ఉన్న సమ్మెట తీసి సాన పట్టే అతని చేతిలో పెట్టాడు.

"విరగ్గొట్టు."

"మళ్ళీ ఇక్కడ కూర్చోలేవన్నా."

"తెలుసు. కొట్టు."

అది ముదురు కర్ర, ఓ పట్టాన విరగలేదు. దెబ్బ పడ్డప్పుడల్లా బావ పళ్ళు బిగించాడు. పిడి రెండు ముక్కలయ్యాక సాన పట్టే అతను సమ్మెట పక్కన పెట్టి, మా బావ మూతి మీద శక్తికొద్దీ ఒక గుద్దు గుద్దాడు. బావ వెల్లకిలా పడ్డాడు. లేచి కూర్చుని నెత్తురు ఉమ్మితే అందులో పన్ను వచ్చింది.

"ఇది కట్టుబాటులో లేదే" అన్నాడు.

"ఇది నాది" అన్నాడు సాన పట్టే అతను, చెయ్యిచ్చి లేపుతూ.

ఈలోగా ఓనరు మనుషులు కర్రలతో దిగారు. దొరికినవాడిని దొరికినట్టు బాదుతూ అందర్నీ గేటు బయటికి తోశారు. మావాళ్ళు బావను మధ్యలో పెట్టుకుని, అతని మీద పడే దెబ్బలు తమ వీపుల మీద కాచుకుంటూ బయటపడ్డారు. జీవితమంతా వాళ్ళని కొట్టినవాడి కోసం దెబ్బలు తిన్నారు. ఎందుకో చెప్పలేను, నేనైతే కాచేదాన్ని కాదు.

అందరూ తిన్నగా అక్క వాళ్ళింటికే వచ్చారు, నేనప్పుడు అక్కడే ఉన్నాను. పగిలిన తలలు, చిరిగిన చొక్కాలు. బావ నా ఎదురుగా అరుగు మీద కూర్చున్నాడు. పెదవి వేలాడుతోంది. అక్క తడిగుడ్డ తెచ్చి అద్దబోతే వద్దన్నాడు.

"నీ ప్రశ్నలు తీసుకురా. నేను మాట మార్చుకుంటున్నాను" అన్నాడు.

ఒక్కడు చాలని మేడమ్ చెప్పిన మాట నేను తిట్ల మధ్య ఎప్పుడో అతనికి చెప్పాను. విననట్టే ఉన్నాడు ఆనాడు. సందంతా మళ్ళీ అడిగాం, మేడమ్ తప్పు ఒప్పుకుని నివేదిక తిరగరాసింది, దాన్ని పట్టుకుని పనివాళ్ళు ఇంకోసారి తలలు పగలగొట్టించుకుని కూలి కొంత పెంచుకున్నారు. అదంతా తరవాత. అప్పుడు అరుగు మీద మాత్రం మా బావ ఒక్కడే ఉన్నాడు.

"సుంకం పడ్డాక మీ కూలి పెరిగిందా?"

"లేదు."

"ఏమైనా?"

"ఏమీ పెరగలేదు. ఎవరికీ పెరగలేదు."

రాసుకున్నాను. సరే లెమ్మన్నాను. అతను లేవలేదు.

"మొదటి ప్రశ్న వదిలేశావే" అన్నాడు.

కావాలనే వదిలేశాను. నా నోరు ఎంత చెడ్డదైనా ఆ మాట అడగడానికి అది రాలేదు.

"అందర్నీ అడిగావు. నన్నూ అడుగు."

"మీరు ఏం పని చేస్తారు?" అని అడిగాను. బావ ఒక్కడినే పట్టుకుని నేను మీరు అనడం నా గొంతులోనే వింతగా వినిపించింది.

అతను కుడి చెయ్యి తెరిచి చూసుకున్నాడు. పిడి ఆని ఆని కాయ కట్టిన చోట బొటనవేలితో రుద్దుకున్నాడు. వెనక సాన పట్టే అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఏమీ చెయ్యడని రాయి" అన్నాడు.

నాకు తెలిసింది రాయకూడదు, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయాలి. అలాగే రాశాను.